చెరువు ఒడ్డున నడక దారి కట్టాలంటే ముందు అలుగు దగ్గరకు పోయి చూడండి

ఈ మధ్య నాకు ఫోన్ చేసేటోళ్లల్ల సగం మంది అడిగేది ఒక్కటే, అన్నా మా భూమి చెరువును ఆనుకొని ఉంది, నీళ్ల మీదికి ఒక చెక్క బోర్డ్‌వాక్ వేయాలె, ఫోటో పంపిస్తున్న చూడు అని. ఫోటో చూస్తే అది మాల్దీవులదో ఇంకేడిదో అయి ఉంటది, నీలం నీళ్లు, తెల్లటి చెక్క, చివరికి గడ్డి కప్పిన గుడిసె. మన నాగర్‌కర్నూల్, వనపర్తి, దేవరకొండ దిక్కు చెరువు ఎట్లుంటదో తెలిసినోళ్లకు ఆ ఫోటో చూస్తే నవ్వే వస్తది. కానీ అడిగేటోళ్లది తప్పేం కాదు, వాళ్లు భూమి కొన్నది సెప్టెంబర్‌లనో అక్టోబర్‌లనో, అప్పుడు చెరువు నిండుగ ఉంటది, కట్ట మీదికెళ్లి చల్లగాలి కొడ్తది, కొంగలు తిరుగుతుంటయి, మనసు లాగుతది. ఏప్రిల్‌ల వచ్చి చూసినోడు బోర్డ్‌వాక్ మాటే ఎత్తడు.

నేను చేసేది చిన్న చిన్న సివిల్ పనులు, వెల్డింగ్ పనులు. ఫామ్‌హౌస్ ఫెన్సింగ్‌లు, షెడ్లు, గేట్లు, ఇప్పుడు ఈ నడక దారులు కూడా. ప్రతి ఒక్కరికి ఫోన్‌ల మళ్ల మళ్ల అదే చెప్పుకుంట కూసునే కంటే ఒక్కసారి రాసి పెడితే లింకు పంపొచ్చు కదా అని రాస్తున్న.

మన దగ్గర నీళ్ల అంచు ఒక గీత కాదు, అది ఏడాదంత నడుస్తనే ఉంటది. అసలు లెక్కంత ఇక్కడ్నే ఉంది. వానకాలం చెరువు నిండి అలుగు, అంటే మిగులు నీళ్లు బయటికి పోయే రాతి కట్టడం, దుంకుతది, ఆ తర్వాత యాసంగికి తూము ఇప్పుతరు, నీళ్లు కింది పొలాలకు పోతుంటయి, అంచు లోపలికి లోపలికి జరుగుతది, ఎండలు ముదిరేసరికి మీరు నీళ్ల మీదికి అని వేసిన చెక్క బాట పగుళ్లు పట్టిన బురద మీద నిలబడి ఉంటది, నీళ్లు చూడాల్నంటే దాని చివర్నుంచి ఇంకా చాలా దూరం నడవాలె. ఇప్పుడు మహాత్మా గాంధీ కల్వకుర్తి లిఫ్ట్ నీళ్లతోని మా దిక్కు కొన్ని చెరువులు నింపుతున్నరు, నల్లగొండల ఏఎంఆర్‌పీ (మాధవరెడ్డి ప్రాజెక్టు) కాలువ నీళ్లు వస్తున్నయి, అందుకని కొన్ని చెరువులల్ల వేసవిల కూడా నీళ్లు కనబడుతున్నయి, నిజమే. కానీ అది పంపులు నడిచిన దాన్ని బట్టి, కాలువ వదిలిన దాన్ని బట్టి ఉంటది, దాన్ని నమ్ముకొని డిజైన్ చేయలేం.

అమెరికా ఉత్తరం దిక్కు, కెనడాల సరస్సు ఒడ్డున ఇండ్లు ఉన్నోళ్లకు ఇంకో తీరు కష్టం. చలికాలం సరస్సు గడ్డ కడ్తది, ఆ మంచు ఒత్తిడికి కర్రలు పీక్కొని బయటికి వస్తయి, అందుకే చాలామంది నీళ్ల మీది చెక్క బాటను, వాళ్లు డాక్ అంటరు, చక్రాల మీదనో తేలేటట్టో పెట్టుకొని చలికాలం రాకముందే ఒడ్డుకు లాగేస్తరు. అంటే వాళ్లు కూడా నీళ్లకు తగ్గట్టే కడుతున్నరు గానీ ఫోటోకు తగ్గట్టు కాదు. వాళ్లకు మంచు, మనకు ఎండుడు.

ఇగ కొల్లాపూర్ దిక్కు, సోమశిల దిక్కు శ్రీశైలం బ్యాక్‌వాటర్ పక్కన భూమి కొన్నోళ్ల సంగతి ఇంకా పెద్దది. ఆ ప్రాజెక్టు పూర్తి నీటిమట్టం సముద్రమట్టం నుంచి 885 అడుగులు. అది నిండినప్పుడు మీ భూమి కాడికే నీళ్లు వచ్చినట్టు కనబడుతది, ఎండకాలం మట్టం పదుల అడుగులు కిందికి పోతది, ఏటవాలు తక్కువున్న చోట అంచు ఎంత దూరం పోతదో చూసినోళ్లకే తెలుస్తది. అక్కడే కదా సంగమేశ్వరం గుడి ఏడాదిల చానా నెలలు నీళ్లల్ల మునిగి ఉండి, నీళ్లు తగ్గినంక బయటపడేది. ఒక గుడినే మొత్తం ముంచి తేల్చే నీళ్లకు నీ చెక్క బాట ఒక లెక్కనా. నాగార్జునసాగర్ దిక్కు కూడా అంతే, అక్కడ పూర్తి మట్టం 590 అడుగులు, అది నిండుగున్నప్పుడు చూసి ముచ్చటపడొద్దు. ఇంకొకటి, పూర్తి మట్టం లోపలున్న భూమి ప్రాజెక్టు కట్టినప్పుడే ముంపు కింద పోయిన భూమి, అది మీది కాదు, అమ్మినోడు నోటితోని ఏం చెప్పినా సరే.

భూమి అంటే గుర్తొచ్చింది, కాగితాల సంగతి. చెరువు లోపలి భూమిని శిఖం అంటం కదా, కొన్నిచోట్ల దానికి పట్టాలు కూడా ఉంటయి, నీళ్లు పోయినంక సాగు చేసుకుంటరు, కానీ కట్టడం కట్టరాదు. 2012ల వచ్చిన జీవో 168 బిల్డింగ్ రూల్స్‌ల ఎఫ్‌టీఎల్, అంటే చెరువు పూర్తిగ నిండినప్పటి నీటి హద్దు, దాని లోపల ఏ కట్టడమూ వద్దని ఉంది, 10 హెక్టార్లు అంటే దగ్గర దగ్గర 25 ఎకరాలు, అంతకంటే పెద్ద చెరువుకు ఎఫ్‌టీఎల్ నుంచి 30 మీటర్లు, అంతకంటే చిన్న కుంటకు 9 మీటర్లు బఫర్ వదలాలె, ఆ బఫర్‌ల జనం తిరిగే, సేదతీరే అవసరానికి తప్ప బిల్డింగ్ పని చేయొద్దు. చాలామంది హైడ్రా, అంటే హైదరాబాద్‌ల చెరువుల ఆక్రమణలు కూల్చే సర్కారు సంస్థ, వచ్చినంకనే ఈ రూల్ పుట్టింది అనుకుంటున్నరు. హైడ్రా 2024ల వచ్చింది, అది పని చేసేది ఔటర్ రింగ్ రోడ్డు లోపల, మన జిల్లాలకు రాదు అని ధీమాగ ఉంటున్నరు. రూల్ ముందు నుంచే ఉన్నది సారూ, ఇరిగేషన్ శాఖ, రెవెన్యూ మన దగ్గర కూడా ఉన్నరు. అందుకే నేను ముందుగాల చెప్పేది, ఒక దరఖాస్తు రాసుకొని ఇరిగేషన్ ఏఈ (అసిస్టెంట్ ఇంజనీర్) దగ్గరకు పోండి, ఎఫ్‌టీఎల్ హద్దు రాళ్లు ఎక్కడున్నయో చూపియ్యమనండి, మీరు ఏం వేయాల్ననుకుంటున్నరో కాగితం మీద చూపించి రాతపూర్వకంగ తెచ్చుకోండి. ఇది చేయనోళ్ల పని నేను పట్టుకోను.

మా చిన్నమ్మ కొడుకు ఒకడున్నడు, గచ్చిబౌలిల సాఫ్ట్‌వేర్, అచ్చంపేట దిక్కు చెరువు కింద కాదు చెరువు పక్కన ఎకరంనర కొన్నడు. వాడి భూమిల హద్దు రాళ్లు కనబడలే, ఎవరో పీకేసిన్రో పూడికల మునిగినయో. వాడు ఫోన్‌ల మ్యాప్ తీసి ఈ నీలం రంగు ఉన్న కాడికే నీళ్లు అన్నా అంటున్నడు. ఊళ్లె నీరటి తాత అక్కడ్నే ఉన్నడు, తూము విప్పుడు, మూసుడు ఆయన ఇంటి పని తరతరాల నుంచి. ఆయన ఫోన్ దిక్కు కూడా చూడలే. "నీళ్లు యాడిదాంక వస్తయో దాన్నడుగుతవేంది బిడ్డా, నన్నడుగు" అని నడుచుకుంట పోయి ఒక తుమ్మచెట్టు మొదలు కాడ నిలబడ్డడు. మ్యాప్‌ల గీత కంటే అది చానా మీదికి ఉంది. తర్వాత లెవెల్ పట్టి చూస్తే తాత చెప్పిందే దగ్గరగ వచ్చింది.

లెవెల్ పట్టుడు ఎట్లనో చెప్త, ఇది తెలుసుకుంటే మిమ్మల్ని ఎవ్వరూ మోసం చేయలేరు. ఎఫ్‌టీఎల్ అంటే ఏదో ఆఫీసుల గీసిన గీత కాదు, మామూలు చెరువుకు అలుగు బండ పైఅంచు ఏ ఎత్తుల ఉందో అదే ఎఫ్‌టీఎల్. నీళ్లు ఆ ఎత్తు దాటితే బయటికి దుంకుతయి, అంతే. కాబట్టి అలుగు పైఅంచు ఎత్తును మీ భూమి దాంక మోసుకొస్తే మీ హద్దు తెలిసిపోతది. మేస్త్రీలు వాడే నీళ్ల పైపు లెవెల్ తోని దగ్గర దగ్గర చోట్లకు అయితది గానీ అలుగు అర కిలోమీటర్ దూరం ఉంటే ఆ పైపును మళ్ల మళ్ల జరుపుకుంట పోయేసరికి చిన్న చిన్న తేడాలు కలిసి పెద్దగైతయి, అప్పుడు ఆటో లెవెల్ (ఎత్తు తేడాలు కొలిచే పరికరం) ఉన్న సర్వేయర్‌ను పిలుచుకోండి. ఇంకో సులువైన పద్ధతి, పైస ఖర్చు లేదు, కానీ వానకాలం దాంక ఆగాలె. చెరువు నిండి అలుగు అప్పుడప్పుడే సన్నగ పారుడు మొదలైన రోజు, గాలి లేని పొద్దున, మీ భూమిల నీళ్ల అంచు వెంట వరుసగ కర్రలు పాతుకుంట పోండి. అదే ఎఫ్‌టీఎల్, నీళ్లే గీసిచ్చినయి. అలుగు జోరుగ దుంకేటప్పుడు మాత్రం నీళ్లు ఆ గీత కంటే మీదికి ఉంటయి, ఆ ఎత్తు కూడా చూసి పెట్టుకోండి, మీ నడక దారి పైభాగం దానికంటే మీదికి ఉండాలె.

ఇగ మట్టి. ఒండ్రు ఎండితే చెయ్యి పట్టేంత పగుళ్లు ఇస్తది, తడిస్తే ఉబ్బుతది. దాని మీద నిలబెట్టిన ఏ స్తంభమైనా రెండు మూడు వానకాలాలకు వంగుతది. చెరువుల పూడిక తీసే సర్కారు పథకం మిషన్ కాకతీయ 2015ల మొదలైనంక చాలామంది రైతులు పూడిక మట్టి తెచ్చి పొలాలల్ల పోసుకున్నరు, పంటకు మంచిదే, కానీ మీరు కొన్నది అట్లాంటి చెలక అయితే పైన కనబడేది ఒకటి, కింద ఉండేది ఇంకొకటి. అందుకే పని మొదలు పెట్టకముందే రెండు మూడు చోట్ల గుంత తీసి చూడాలె, గట్టి మొరం తగిలేదాంక దిగాలె, పునాది ఆ మొరంల కూసోవాలె. గుంత తీసే కూలీకి పైసలు దండగ అనుకునేటోళ్లు తర్వాత వంగిన స్తంభాలు సరిచేయనీకి అంతకు పదింతలు పెడుతున్నరు.

చెక్క సంగతి. అందరికీ చెక్కనే కావాలె. చెక్క ఎప్పుడూ నీళ్లల్ల మునిగి ఉంటే త్వరగ పాడు కాదు, ఎప్పుడూ పొడిగ ఉన్నా పాడు కాదు, నేల మట్టం కాడ, నీళ్ల అంచు కాడ, తడి గాలి రెండూ తగిలే చోటనే కుళ్లుతది. మన చెరువుల ఆ అంచు పైకీ కిందికీ జరుగుతనే ఉంటది కాబట్టి స్తంభం మొత్తం ఆ తడి పొడి బాధనే పడ్తది. దాని మీద చెదలు. టేకు చేవ చెక్క అయితే ఆగుతది గానీ ఆ ధరకు బోర్డ్‌వాక్ వేసే బదులు ఇల్లే కట్టుకోవచ్చు. తాటి దూలం సంగతి మనోళ్లకు తెలిసిందే, నల్లగొండ దిక్కు కాలువల మీద అడ్డంగ వేసి నడుస్తుంటరు, ముదిరిన చెట్టు బయటి నల్ల చేవ మస్తు గట్టిది, కానీ లోపలి మెత్తటి దూట తీసేసి వాడాలె, లేత చెట్టు కొట్టి వేస్తే వానకాలం గడవక ముందే మెత్తగైతది. డబ్ల్యూపీసీ అని ప్లాస్టిక్ చెక్క కలిపిన పలకలు వస్తున్నయి, చెదలు పట్టవు, కుళ్లదు, చూడనీకి బాగుంటది. కానీ మన మే నెల ఎండకు దాని మీద ఉత్త కాళ్లతోని నిలబడి చూడండి ఒకసారి. ఎండకు సాగుతది కూడా, సందులు వదలకుండ బిగిస్తే పైకి లేస్తది.

నాకైతే మన దగ్గర రాయిని మించింది లేదు. ఫెన్సింగ్‌కు వాడే రాతి కడీలు ఉన్నయి కదా, ఏడు అడుగుల కడీని గుంతల మొరం దాంక దింపి కాంక్రీట్ పోసి నిలబెట్టి, మూడున్నర అడుగుల ఎడంతోని జంటగ ఇంకొకటి, రెండింటి మీద ఒక అడ్డబండ, ఆ అడ్డబండల మీద గ్రానైట్ పలకలు. పలక మందం మూడు అంగుళాలకు తగ్గొద్దు, అడ్డబండకు అడ్డబండకు నడుమ మూడు అడుగులు మించొద్దు, ఎందుకంటే రాయి ఇనుము తీరు వంగి చెప్పదు, ఒక్కసారే విరుగుతది. వడ్డెర మేస్త్రీలు ప్రతి పలకను సుత్తెతోని కొట్టి విని చూస్తరు, కంగుమని మోగితే మంచిది, చప్పగ మోగితే లోపల పగులు ఉన్నట్టు, పక్కన పెట్టేస్తరు. మీరు కూడా ఆ పని ముందర నిలబడి చేయించుకోండి. పాలిష్ బండలు అసలు వద్దు, తడిస్తే జారి నడుము విరుగుతది, ఉలితోని గరుకు చేసిన ముఖమే పైకి రావాలె. షాబాద్ బండలు నేల మీద మొరం పరుపు మీద పరుచుకోనీకి బాగుంటయి, చౌక కూడా, కానీ కింద ఆధారం లేకుండ వంతెన తీరు వేస్తే ఆగవు.

అయినా చెక్క మీద నడిచిన ఫీలింగే కావాలె అనేటోళ్లకు ఒక దారి ఉంది. కింద అంత రాయి, జీఐ (జింకు పూత వేసిన ఇనుము) ఫ్రేమ్, పైన మాత్రమే చెక్క పలకలు. పలక అంగుళం మందం ఉంటే కింది పట్టీల ఎడం 16 అంగుళాలు దాటొద్దు, పలక పలక నడుమ ఆరు మిల్లీమీటర్ల సందు ఉండాలె నీళ్లు ఆగకుండ, స్క్రూలు స్టెయిన్‌లెస్, పలక కోసిన కొసలకు తప్పకుండ నూనెనో సీలర్‌నో పట్టించాలె ఎందుకంటే నీళ్లు తాగేది ఆ కొసల నుంచే. పాడైన పలక ఒక్కటి విప్పి మార్చుకోవచ్చు, మొత్తం పీకే పని ఉండదు. మామూలు ఇనుప పైపుకు పెయింట్ వేసి స్తంభాలుగ పెడతా అనేటోళ్లు తగుల్తరు, రేటు తక్కువ చెప్తరు, నీళ్ల అంచు కాడ తుప్పు తింటది, జాగ్రత్త.

నేల మీద పోయే దారికి ఇంత హంగామ అక్కర్లేదు. రెండు పక్కల రాళ్లు పేర్చి, మొరం పోసి తడిపి రోలర్ కొట్టి, నేల కంటే అర అడుగు ఎత్తుల ఒక పక్కకు కొంచెం వాలు ఇస్తే చాలు. నాలుగు అడుగుల వెడల్పు ఉంటే ఇద్దరు మాట్లాడుకుంట నడవొచ్చు. మర్చిపోయేది ఏందంటే, మీ పై చెలకల వాన నీళ్లు ఈ దారి దాటే కదా చెరువుకు పోవాలె, అడ్డంగ కట్ట పోసినట్టు పోసేస్తే మొదటి పెద్ద వానకే నీళ్లు దారిని కోసుకొని పోతయి, పక్క రైతుతోని పంచాయితీ వేరే. పల్లం ఉన్న ప్రతి చోట కింద పైపు వేయాలె. ఇంట్ల మోకాళ్ల నొప్పులున్న అమ్మ నాయిన ఉంటే మెట్లు కాకుండ వాలు పెట్టండి, ఒక అడుగు ఎత్తుకు 12 అడుగుల పొడవు, అంతకంటే నిటారు అయితే వీల్‌చైర్ తోసేటోళ్లకు కష్టం.

జరిగే నీళ్ల దగ్గరికి పోవుడు ఎట్ల అనే దానికి మన పాతోళ్లు ఎప్పుడో సమాధానం చెప్పిపోయిన్రు, మెట్లు. కోనేరైనా, బతుకమ్మ ఘాట్ అయినా, సోమశిల కాడ 2016 కృష్ణా పుష్కరాలకు వేసిన ఘాట్లయినా, నీళ్లు ఏ మెట్టు కాడుంటే ఆ మెట్టు మీద కూసుంటవు, అంతే కదా. ఇగ చెరువు చూసుకుంట నడవనీకి దారి కావాలె అంటే కట్టనే ఉంది, పానగల్ ఉదయసముద్రం కందూరు చోడుల కాలంది, ఇయ్యాల్టికీ ఆ కట్ట మీద జనం నడుస్తనే ఉన్నరు. కానీ కట్ట జోలికి మీరు మాత్రం పోవద్దు, రెయిలింగ్ కోసం గుంత తీస్త, లైటు స్తంభం పాతుత అని ఒక్క గడ్డపార కూడ దించొద్దు, అది ఇరిగేషన్ వాళ్లది. 2019 డిసెంబర్ 31న వనపర్తి దిక్కు సరళాసాగర్ కట్ట తెగినప్పుడు నీళ్లన్నీ ఖాళీ అయినయి, కట్ట తెగుడు అంటే ఏందో ఆ చుట్టుపక్కల ఊర్లోళ్లను అడగండి.

ఆ అచ్చంపేట దిక్కు భూమి కొన్న మా తమ్మునికి చివరికి వేసింది ఏందంటే, ఎఫ్‌టీఎల్ బయట మొరం దారి, పల్లం ఉన్న కాడ కొద్దిగ కడీల మీద రాతి పలకలు. నీళ్ల మీద ఒక్క తేలే తెప్ప, ఏఈ కాడ అడిగి, చేపల సొసైటీ వాళ్లతోని కూసొని మాట్లాడినంకనే. 200 లీటర్ల ప్లాస్టిక్ డ్రమ్ము మూత గట్టిగ బిగిస్తే పూర్తిగ మునగనీకి 200 కిలోల బరువు కావాలె, దాని సొంత బరువు, ఫ్రేమ్, పలకల బరువు తీసేసి, సగం మునిగితే చాలు అన్నట్టు లెక్క వేసుకొని ఎనిమిది డ్రమ్ములు పెట్టినం. వెడల్పు తక్కువ చేయొద్దు, అందరూ ఒక్క పక్కకు ఫోటోకు నిలబడ్డరనుకో బోల్తా కొడ్తది. నేలల పాతిన రెండు జీఐ పైపులకు తెప్పను పెద్ద రింగులతోని తగిలించినం, నీళ్లు పెరిగితే తెప్ప పైకి, తగ్గితే కిందికి. నీళ్లు బాగ తగ్గినంక బురదల కూసుంటది కాబట్టి కింద స్లెడ్జ్ తీరు రెండు పైపులు వేసినం, ట్రాక్టర్‌కు తాడు కట్టి ఒడ్డుకు లాగుతరు, పాతిన పైపులు కూడా పీకి తెస్తరు. సొసైటీ ముదిరాజ్ కాక ఒక్కటే అడిగిండు, వలలు చిక్కేటట్టు అంచులకు బోల్టులు బయటికి ఉండొద్దు అని, మేం రబ్బర్ తొడిగినం. ఇంకో మాట కూడా అన్నడు, "గేటు మాత్రం పెట్టకుండ్రి పటేలా, బర్లు నీళ్లకు పోయే తొవ్వ ఇదే." గేటు పెట్టలే.

రెయిలింగ్ తెప్ప మీద మూడున్నర అడుగులు, పిల్లలు దూరకుండ నడుమ పట్టీలు దగ్గర దగ్గర. దారి పక్కన లొట్టపీసు చెట్లు కొట్టేసినం, పాములకు అదే అడ్డా. లైట్లు మాత్రం వాడు ఎంత కావాల్నన్నా మోకాలి ఎత్తుకు మించనీయలే, నేల మీదికే పడేటట్టు, నీళ్లల్లకు ఫ్లడ్ లైట్ కొడితే రాత్రి చెట్ల మీద పండే కొంగలు ఇంకో చెరువు చూసుకుంటయి.

మొన్న మళ్ల ఫోన్ చేసిండు. తెప్ప మస్తుంది అన్నా, ఫ్రెండ్స్ వచ్చి చూసి పోయిన్రు, ఇగ ఆ చివరికి చిన్న గజీబో ఒకటి వేద్దాం, నాలుగు పైపులు, పైన షీటు, అంతే అంటున్నడు. ఏఈ దగ్గరకు పోయి కాగితం తే అన్న. సరే అన్నడు, అప్పటి నుంచి ఫోన్ లేదు.